ఉరుములకు బెదిరే కుక్కను గాలివాన గట్టెక్కించడం ఎలా

సిక్కోలు (శ్రీకాకుళం), విజయనగరం జిల్లాల్లో కుక్కకు వానాకాలం ఒకటి కాదు, మూడు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ మాడ్చేశాక సాయంత్రం పూట ఉన్నట్టుండి లేచే ఈదురుగాలి, పిడుగుల వాన మొదటిది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పట్టే ముసురు రెండోది. అక్టోబరు, నవంబరుల్లో వచ్చే తుపాను మూడోది. మొదటిది గంటలో పోతుంది గానీ చెప్పి రాదు. రెండోది పెద్దగా భయపెట్టదు గానీ ఒళ్లు పాడుచేస్తుంది. మూడోది మూడు రోజుల ముందే కబురు పెట్టి వస్తుంది, కానీ వచ్చిందంటే పెంకులూ చెట్లూ కరెంటూ అన్నీ పట్టుకుపోతుంది. మూడింటికీ చేసుకోవాల్సిన ఏర్పాట్లు వేరు. మూడింటికీ ఉమ్మడి పని ఒక్కటుంది: ఉరుము మొదలయ్యే సరికి కుక్క మెడలో గొలుసు కట్టి ఉండకూడదు.

ముందు గొలుసు సంగతి

పగలంతా గేటుకో, పెరట్లో కొబ్బరి చెట్టుకో కట్టి ఉంచడం మన వైపు అలవాటు. గాలివానలో కుక్కకు జరిగే నష్టాల్లో చాలావాటికి మూలం ఇదే. బెదిరిన కుక్క గోడ దూకబోతుంది. గొలుసు గోడకు అటూ కుక్క ఇటూ పడితే ఉరి బిగుసుకుంటుంది. లేదా స్తంభం చుట్టూ తిరిగి తిరిగి మెడ కదల్చలేని చోటికి చేరుతుంది.

పిడుగు సంగతి ఇంకోటి. పిడుగు కుక్క మీదే పడనక్కర్లేదు. పక్కనున్న కొబ్బరి చెట్టు మీద పడితే ఆ విద్యుత్తు నేలలోకి దిగి చుట్టూ పాకుతుంది. చెట్టుకు దగ్గరగా వోల్టేజీ ఎక్కువ, దూరంగా తక్కువ. మనిషి రెండు కాళ్లూ దగ్గరగా పెట్టుకుని నిలబడితే ఆ తేడా కొంచెమే. నాలుగు కాళ్ల జంతువుకు ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య దూరం ఎక్కువ, పైగా విద్యుత్తు వెళ్లే దారిలో గుండె ఉంటుంది. చెట్టు కింద నిలబడ్డ ఆవులు ఒక్క పిడుగుకే వరసగా పడిపోవడానికి కారణం ఇదే. గాలికి రాలే మట్టలూ కాయలూ సరేసరి. తడిసిన ఇనుప గొలుసు, ఇనుప గేటు, బట్టల దండెం తీగ కూడా పనికిరావు.

కరిచే కుక్క, కట్టక తప్పదు అంటారా? గదిలో పెట్టి తలుపు వేయండి. గది లేకపోతే మెడకు కాకుండా ఛాతీకి వేసే పట్టా, అంటే హార్నెస్, వేసి ఆరడుగుల నైలాను తాడుతో లోపలి గదిలో బరువైన మంచం కోడుకు కట్టండి. కిటికీకీ మెట్లకీ తాడు అందకూడదు.

భయాన్ని మొదట్లోనే కనిపెట్టండి

మనకు 20,000 హెర్ట్జ్ దాటితే వినపడదు, కుక్కకు 45,000 దాకా వినపడుతుంది. మెల్లని శబ్దాలు కూడా మనకంటే చాలా దూరం నుంచి దానికి అందుతాయి. గాలి ఒత్తిడి తగ్గడం, తడి వాసన, మనకు ఇంకా వినపడని ఉరుము ఇవన్నీ కలిసి దానికి కబురు ముందే చేరుస్తాయి. ఆకాశంలో మబ్బు కనపడకముందే కుక్క మీ కాళ్ల వెంట తిరగడం మొదలుపెడితే విసుక్కోకండి. మీకు దొరికే ముందస్తు హెచ్చరిక అదే.

గుర్తులు ఇలా మొదలవుతాయి: నిద్ర లేకుండానే ఆవలింతలు, ఊరికే మూతి నాకుకోవడం, చెవులు వెనక్కి వాలడం, తోక కాళ్ల మధ్యకు పోవడం. తర్వాత ఉక్క లేకపోయినా రొప్పుతుంది, చొంగ కారుస్తుంది, గది మూల గోకుతుంది. ఇవి కాక నమ్మదగ్గ పరీక్ష ఒకటి ఉంది. శనగగింజంత ఉడికించిన కోడి ముక్క దాని ముందు వేయండి. తింటే భయం ఇంకా చేతిలో ఉంది, దాని మనసు మళ్లించవచ్చు. ముక్క వైపు చూడను కూడా చూడకపోతే భయం చేయి దాటిపోయింది. అప్పుడిక నేర్పడాలు, పిలవడాలు పనిచేయవు. దాక్కోనిచ్చి, దగ్గర కూర్చోవడమే మిగిలిన పని.

ఏడెనిమిదేళ్లు ఉరుముకు లెక్కచేయని కుక్క కొత్తగా బెదరడం మొదలుపెడితే దాన్ని ముసలితనం కింద కొట్టేయకండి. కీళ్ల నొప్పి, చెవి నొప్పి ఉన్న కుక్కలు శబ్దానికి ఎక్కువ ఉలిక్కిపడతాయి. ముందు నొప్పి చూపించండి.

ఏ గది, ఏ మూల

స్లాబ్ ఇంట్లో అయితే బయటి గోడ లేని నడిమి గది మంచిది, మెట్ల కింది ఖాళీ ఇంకా మంచిది. పెంకుటింట్లో గాలికి పెంకులు లేస్తాయి, కాబట్టి అటక ఉన్న గదిలో అటక కింద చోటివ్వండి. చిక్కంతా రేకుల ఇంటితోనే. రేకు మీద జడివాన పడితే ఉరుము అక్కర్లేదు, ఆ మోతే చాలు. బయట బస్తాలు పరిచి మోత తగ్గిద్దామని రేకు మీదికి ఎక్కకండి, గాలికి అవే ఎగిరి మీద పడతాయి. లోపలే చేయండి: నవారు మంచం మీద పరుపు వేసి, మూడు వైపులా పాత బొంతలు నేల దాకా వేలాడదీయండి. నాలుగో వైపు గోడ దిక్కుగా కాకుండా మీరు కూర్చునే వైపు తెరిచి ఉంచండి. గుడ్డ మందం ఎంత ఉంటే మోత అంత తగ్గుతుంది. లోపల కుక్క లేచి నిలబడి వెనక్కి తిరిగేంత చోటుండాలి. మీరు కట్టి విడిచిన లుంగీయో చీరో అందులో వేయండి. ఉతికినది కాదు, విడిచినదే.

ఈ గూడు వాన రోజున కట్టేది కాదు. ఎండ రోజుల్లోనే కట్టి, రోజూ ఒక పూట అన్నం అక్కడే పెడుతూ ఉంటే రెండు వారాల్లో అది దాని చోటవుతుంది. అలవాటు లేని కుక్కను ఇనుప బోనులో పెట్టి తాళం వేస్తే పళ్లు విరిగేలా ఊచలు కొరుకుతుంది, గోళ్లు ఊడతాయి. గూటికి తలుపు ఉండకూడదు. కుక్క తానే స్నానాల గది ఎంచుకుంటే ఎంచుకోనివ్వండి, తలుపు మాత్రం తెరిచి ఉంచండి.

మే నెల ఈదురుగాలికి కిటికీలన్నీ బిడాయిస్తే గది కొలిమవుతుంది. భయానికి రొప్పే కుక్కకు ఉక్క కూడా తోడైతే వడదెబ్బ తగులుతుంది. గాలి వీచే వైపు మూసి, వెనక వైపు కిటికీ జానెడు తెరిచి ఉంచండి. నీళ్ల గిన్నె గూటి దగ్గరే ఉండాలి.

మబ్బు పట్టాక చేయాల్సినవి, వరసలో

పడమట, వాయవ్యాన కొండల మీద మబ్బు నల్లబడి గాలి ఒక్కసారిగా ఆగిపోయిందంటే అరగంట ఉందనుకోండి. ఫోనులో దామిని యాప్ పెట్టుకుంటే చుట్టుపక్కల పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది.

1. ముందు ఉచ్చకు తీసుకెళ్లండి. సొంత పెరడైనా తాడు పట్టుకునే వెళ్లండి. మొదటి ఉరుముకే గోడ దూకి పోయిన కుక్క ఊరి పొలిమేర దాటాక గానీ ఆగదు.

2. లోపలికి వచ్చాక వీధి తలుపు గడియ పెట్టండి. గాలికి తలుపు దభేలుమని కొట్టుకోవడం ఉరుముకంటే దగ్గరి శబ్దం. ఊగే తలుపులకు అడుగున గుడ్డ దోపండి.

3. పగలైనా లైటు వేయండి. చీకటి గదిలో మెరుపు ఎక్కువ కొడుతుంది, వెలుతురున్న గదిలో అంతగా తెలియదు.

4. పంకా, రేడియో, టీవీ ఏదో ఒకటి మామూలు శబ్దంలో నడపండి. ఉరుమును ముంచేయాలని గట్టిగా పెట్టకండి, రెండు బాధలవుతాయి. కరెంటు పోగానే ఆ శబ్దం కూడా పోయి నిశ్శబ్దంలో ఉరుము రెట్టింపవుతుంది, కాబట్టి పంకా మోతను ముందే ఫోనులో రికార్డు చేసి ఉంచుకుని ఛార్జింగు నింపి పెట్టండి.

5. పెద్ద కొబ్బరి చిప్ప ఒకటి తీసుకుని అంచు గరుకుపోయేలా రాయి మీద అరగదీసి, లోపల పెరుగన్నమో చల్లారిన చిక్కటి చోడి (రాగి) అంబలో మెత్తి ఇవ్వండి. నాకడం కుక్కను నిదానపరుస్తుంది, పది పదిహేను నిమిషాలు గడుస్తాయి. అయిపోగానే చిప్ప తీసేయండి, కొరికి మింగితే పేగుల్లో అడ్డం పడుతుంది.

మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. ముప్పై సెకన్లలోపు వినపడితే పది కిలోమీటర్లలోపే ఉన్నట్టు, మనిషీ కుక్కా ఇద్దరూ లోపల ఉండాలి. ఆఖరి ఉరుము వినపడ్డాక అరగంట ఆగి గానీ బయటికి తీయకండి.

ఇక నిమరొచ్చా నిమరకూడదా అన్నది. భయపడుతున్నప్పుడు దగ్గరికి తీస్తే భయం అలవాటైపోతుందని చాలామంది చెబుతారు. అది తప్పు. భయం కుక్క కావాలని చేసే పని కాదు, మీరు మెచ్చుకుంటే పెరగడానికి. పక్కన కూర్చోండి, మెడ నుంచి నడుము దాకా అరచేత్తో నెమ్మదిగా, కొంచెం ఒత్తిగా నిమరండి. మీ గొంతు మామూలుగా ఉండాలి. అది లేచి పక్కకు పోతే పోనివ్వండి. చేయకూడనివి రెండే: మంచం కింద నుంచి కాలు పట్టి లాగడం, తిట్టడం. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, కరెంటు పోయిన చికాకు కుక్క మీద చూపిస్తే మరుసటి వానకు భయం రెండింతలవుతుంది. పిల్లలను కావలించుకోనివ్వకండి. బెదిరిన కుక్క తనవాళ్లనైనా కరుస్తుంది. కరిస్తే ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి టీకాకు వెళ్లాల్సిందే, ఇంటి కుక్కే కదా అని ఊరుకోకూడదు.

తుండు చుట్టడం

ఒంటికి సమంగా ఒత్తిడి తగిలితే కొన్ని కుక్కలు కుదుటపడతాయి. అన్నీ కాదు. దుకాణంలో దొరికే ఖరీదైన చొక్కాలు కొనేముందు పాత నూలు చున్నీతో చూడండి. ఇరవై కిలోల కుక్కకు రెండు మీటర్ల పొడవు, జానెడు వెడల్పు మడత చాలు.

గుడ్డ మధ్యభాగం ఛాతీ ముందు, గొంతు కింద పెట్టండి. రెండు కొసలనూ భుజాల మీదుగా పైకి తెచ్చి వీపు మీద ఒకదాని మీద ఒకటి దాటించండి. అక్కణ్ణుంచి పక్కటెముకల మీదుగా కిందికి దించి, పొట్ట కింద దాటించి, మళ్లీ పైకి తెచ్చి ముడి వేయండి. ముడి వెన్నెముక మీద కాకుండా పక్కకు రావాలి. గుడ్డకూ ఒంటికీ మధ్య రెండు వేళ్లు దూరాలి. పావుగంట చూడండి. కుక్క పడుకుంటే పనిచేస్తున్నట్టు. కొయ్యబారినట్టు కదలకుండా నిలబడిపోతే అది కుదుటపడటం కాదు, విప్పేయండి. చుట్టి వదిలేసి బజారుకు పోకూడదు. ఉక్కలో వద్దు. ముసురు రోజుల్లో ఊరికే రెండు మూడుసార్లు చుట్టి తినడానికి ఏదైనా పెడితే, గుడ్డ చూడగానే ఉరుము వస్తుందని బెదరకుండా ఉంటుంది.

డిసెంబరు నుంచి మార్చి దాకా సాధన

మన దగ్గర ఉరుములు తక్కువగా ఉండే నెలలు ఇవి. అసలు మందు ఈ నాలుగు నెలల్లోనే ఉంది గానీ, వానలు తగ్గాక అందరూ మరిచిపోతారు.

ఉరుముల రికార్డింగు సంపాదించండి. ఫోను స్పీకరు చాలదు, ఉరుములోని దడదడ అందులో రాదు. కొంచెం పెద్ద స్పీకరు కావాలి. శబ్దం ఎంత తక్కువతో మొదలుపెట్టాలంటే, కుక్క చెవి ఒకసారి కదిలి మళ్లీ తన పనిలో పడాలి. ఉరుము వినపడాలి, ఆ తర్వాత సెకనుకు ముక్క పడాలి. ఈ వరస తలకిందులైతే ముక్క చూడగానే ఉరుము వస్తుందని నేర్చుకుంటుంది, అన్నం దగ్గర కూడా అనుమానం పడుతుంది. ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండు పూటలు. ఒకే స్థాయిలో మూడు రోజులు కులాసాగా తింటేనే నాలుగో రోజు ఒక్క గీత పెంచండి. ముక్క తినడం మానేసిందంటే శబ్దం ఎక్కువైంది, రెండు గీతలు వెనక్కి రండి. తొందరపడి పెంచేయడమే ఇక్కడ అందరూ చేసే తప్పు. సగటున ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

శబ్దం ఒక్కటే నేర్పితే సగమే నేర్పినట్టు. చీకటి చేసి ఫోను ఫ్లాష్ కొట్టి ముక్క వేయండి. రేకుల ఇంట్లో వాళ్లు పాత రేకు ముక్క ఒకటి పక్క గదిలో పెట్టి గుప్పెడు ఇసుక జల్లి ముక్క వేయవచ్చు, రోజురోజుకూ దగ్గరికి తేవచ్చు. గాలి ఒత్తిడిని మాత్రం ఇంట్లో తయారుచేయలేం. అందుకే ఇంత చేసినా భయం మొత్తం పోదు, తగ్గుతుంది. ఏప్రిల్‌లో అసలు ఉరుములు మొదలైతే రికార్డింగు ఆపేయండి. ఈ సాధన దీపావళి టపాసులకూ, విజయనగరంలో సిరిమాను పండగ సందడికీ కూడా పనికొస్తుంది.

మందు ఎప్పుడు

కిటికీ దూకే కుక్కకు, గ్రిల్లు కొరికి నోరు చీల్చుకునే కుక్కకు, వాన వెలిశాక కూడా పూట పూటంతా తినని కుక్కకు మందు అవసరం. దాన్ని ఓటమి అనుకోకండి. పశువైద్యుడు ట్రజడోన్, ఆల్‌ప్రజోలాం, గాబాపెంటిన్ లాంటివాటిలో కుక్క బరువు, గుండె, కాలేయం చూసి నిర్ణయిస్తారు. రెండు సంగతులు గుర్తుంచుకోండి. మందు ఉరుముకు గంట, రెండు గంటల ముందు పడాలి, వణుకు మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయదు. మొదటి మోతాదు వాన లేని రోజున, మీరు ఇంట్లో ఉన్నప్పుడు వేసి చూడాలి. కొన్ని కుక్కలు మత్తుకు బదులు రెచ్చిపోతాయి.

ఏసిప్రొమజిన్ ఒక్కటే ఇవ్వమంటే కారణం అడగండి. అది ఒళ్లు కదలనివ్వదు గానీ లోపలి భయం తగ్గించదు. కదలలేని స్థితిలో భయపడటం ఇంకా ఘోరం. ఇంట్లో మనుషుల నిద్రమాత్ర సగం విరిచి వేయడం, పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ వేయడం ప్రాణం మీదికి తెస్తుంది. కల్లు, బ్రాందీ చుక్క పోస్తే పడుకుంటుందని చెప్పేవాళ్ల మాట అసలే వినకండి.

ముసురు రోజులు

ముసురులో భయం తక్కువ, తడి ఎక్కువ. తడి నేల మీద కాలు పెట్టనని మొండికేసే కుక్క పన్నెండు గంటలు ఉచ్చ బిగబడుతుంది, రెండు మూడు రోజులు ఇలా సాగితే మూత్రంలో మంట మొదలవుతుంది. వసారా మూలో సన్‌షేడు కిందో రెండడుగుల చోట నాలుగంగుళాల మందం ఇసుక పోసి, అది మామూలుగా ఉచ్చ పోసే చోటి మట్టి రెండు గుప్పెళ్లు అందులో కలపండి. వాసన పట్టుకుని అక్కడే పోస్తుంది. ఇసుక మూడు రోజులకోసారి మార్చాలి.

బయటికి వెళ్లొచ్చిన ప్రతిసారీ నాలుగు పాదాలూ కడిగి, వేళ్ల మధ్య పాత పంచె ముక్కతో పొడిగా తుడవండి. అక్కడ తడి నిలిస్తే ఒరుస్తుంది, కుక్క నాకి నాకి పుండు చేస్తుంది. లాబ్రడార్ లాంటి వేలాడే చెవుల కుక్కలకు చెవి ఎత్తి వాసన చూడండి. పుల్లటి వాసన వస్తే లోపల తడి పాడైనట్టు. పుల్లకు దూది చుట్టి లోపలికి దూర్చకండి, మురికి ఇంకా లోపలికి పోతుంది.

వానాకాలం పుండును మాత్రం ఒక్క రోజు కూడా వదలొద్దు. ఈగ వాలి గుడ్లు పెడితే ఒకటి రెండు రోజుల్లో పురుగులు పడతాయి. రోజుకోసారి చెవి వెనక, తోక కింద, కాలి వేళ్ల మధ్య వెతకండి. చిన్న గాయమైతే చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, లీటరు మరగకాచి చల్లార్చిన నీళ్లలో ఒకటిన్నర చెంచా ఉప్పు కలిపి కడిగి, పశువుల మందుల దుకాణంలో దొరికే పుండ్ల స్ప్రే కొట్టండి. పురుగు పడిందా, డాక్టరే తీయాలి. కిరసనాయిలు, ఫినాయిలు, పొలానికి కొట్టే మందు పోస్తే పురుగుతో పాటు కుక్క కూడా పోతుంది.

గోమార్లు, కొందరు పిడుదులంటారు, వానలకు విపరీతంగా పెరుగుతాయి. ఇవి ఎక్కించే జ్వరంతో కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుంచి రక్తం కారేదాకా వస్తుంది. వేళ్లతో నలపకుండా పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిలువుగా లాగండి. గోడ పగుళ్లలో, గూటి అడుగున కూడా అవే ఉంటాయి. కుక్కకు మాత్రమే మందు వేసి గోడ వదిలేస్తే రెండు వారాల్లో మళ్లీ మొదటికి వస్తుంది.

గెడ్డ (వాగు) నీళ్లలో, పొలం గట్టు గుంటల్లో ఎలుకల మూత్రం కలుస్తుంది. ఎలుక జ్వరం, లెప్టోస్పైరోసిస్, అలా వస్తుంది. కళ్లు పచ్చబడటం, వాంతులు, ఉచ్చ ముదురు రంగు దాని గుర్తులు. కుక్క నుంచి మనిషికీ అంటుతుంది, ఉచ్చ చేతికి తగలకుండా చూసుకోండి. దీనికి టీకా ఉంది: రెండు మోతాదులు, మధ్య మూడు నాలుగు వారాలు, తర్వాత ఏడాదికొకటి. మే నెలాఖరుకు అయిపోయేలా వేయించండి.

తొలకరికి బయటపడే గరుకు చర్మం కప్పను నోట పడితే కుక్కకు నురగ కారుతుంది. తల కిందికి వంచి, తడి గుడ్డతో చిగుళ్లు, నాలుక ఐదు పది నిమిషాలు తుడుస్తూ కడగండి. నీళ్లు గొంతులోకి పోకూడదు. తూలినా, వణికినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. ఇక తిండి: మెత్తబడ్డ బిస్కట్లు, బూజు వాసన వచ్చే మేత, బూజు పట్టిన వేరుశనగ పిండి పారేయండి. ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది, ఉడికించినా పోదు.

తుపాను కబురొస్తే

ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. గులాబ్ కొంచెం ముందొచ్చింది, 2021 సెప్టెంబరు 26న. ఈ తారీఖులు చూస్తే సామాను సెప్టెంబరు మధ్యకే సర్దుకోవాలని తెలుస్తుంది. వాతావరణ శాఖ తొలి కబురు దాదాపు 72 గంటల ముందు ఇస్తుంది. అప్పటికి కొనాల్సినవి ఉండకూడదు, కదపాల్సినవే ఉండాలి.

నీళ్లు ముందు. కుక్క కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 మిల్లీలీటర్లు తాగుతుంది. ఇరవై కిలోల కుక్కకు వారానికి ఏడు నుంచి ఎనిమిదిన్నర లీటర్లు. పది లీటర్ల మూత డబ్బా ఒకటి దానికే పెట్టండి. తిత్లీ తర్వాత సిక్కోలు జిల్లా ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు రాలేదు, కరెంటు లేకపోతే మోటారు లేదు. మేత రెండు కిలోలు గాలి చొరని డబ్బాలో ఉంచండి. అన్నం తినే కుక్కకైతే అటుకులు, గుడ్లు. మేత కొత్తదైతే ముందు నాలుగు రోజులు కొంచెం కొంచెం కలిపి అలవాటు చేయండి, తుపాను పూట విరేచనాలు పట్టుకుంటే చూసే దిక్కుండదు. టీకాల కార్డు, కుక్క పక్కన మీరు నిలబడ్డ ఫొటో ఒకటి ప్లాస్టిక్ కవరులో పెట్టండి. మెడ పట్టా మీద ఫోను నంబరు చెరగని సిరాతో రాయండి. పట్టాకూ మెడకూ మధ్య రెండు వేళ్లే దూరాలి, వదులైతే భయంలో వెనక్కి లాగి తల తీసేస్తుంది.

గాలి ఎటునుంచి వస్తుందో చూసుకుని గది ఎంచండి. హుద్‌హుద్‌లా తుపాను మీకు దక్షిణంగా దాటితే గాలి ఈశాన్యం, తూర్పు నుంచి కొడుతుంది. ఫైలిన్‌లా ఉత్తరంగా దాటితే వాయవ్యం, పడమటి నుంచి. కన్ను నేరుగా మీ మీదుగా పోతే ఉన్నట్టుండి గాలి ఆగి ఆకాశం తేటపడుతుంది. అయిపోయిందనుకుని కుక్కను బయటికి తీయకండి. కొద్దిసేపటికి అంతే గాలి ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది.

ఊరు ఖాళీ చేయమంటే కుక్కను కూడా తీసుకెళ్లే ఏర్పాటు ముందే మాట్లాడుకోండి. తుపాను షెల్టరులో జనం మధ్య చోటు దొరకదు, మెట్ట మీద ఉన్న చుట్టాల ఇల్లు మేలు. ఏ దారీ లేక వదిలి వెళ్లాల్సి వస్తే ఆవుల పలుపు విప్పినట్టే దీని గొలుసూ విప్పండి. డాబా ఉంటే మెట్లగది తలుపు మూసుకుపోకుండా ఇటుక అడ్డం పెట్టి, బరువైన రెండు గిన్నెల్లో నీళ్లు, మేత పెట్టండి. మేడ మీద ఆ కుక్క ఉందని వీధిలో మిగిలినవాళ్లకు చెప్పి వెళ్లండి.

గాలి తగ్గాక మొదటి రెండు మూడు రోజులు తాడు లేకుండా వదలొద్దు. చెట్లు కూలి, వాసనలు కొట్టుకుపోయి, ఇంటి దారే దానికి తెలియదు. నీళ్లలో తెగిన తీగ కనపడదు. తీగ తెగిందని తెలిస్తే 1912కు చెప్పండి. ఇక్కడ వాన ఆగినా ఒడిశా కొండల్లో కురిసింది వంశధార, నాగావళుల్లోకి తర్వాత వస్తుంది, ఏటిగట్టు వైపు తీసుకెళ్లకండి. పాములు కూడా పొడి చోటే వెతుక్కుంటాయి. ప్రతి రాత్రీ గూటిలో బొంతలు కర్రతో ఎత్తి, టార్చి వేసి చూసిన తర్వాతే కుక్కను పంపండి. కాటు పడితే తాడు కట్టకండి, కోయకండి, నడిపించకండి, ఎత్తుకుని తీసుకెళ్లండి. మనుషులకు వాడే విరుగుడు సూదిమందే కుక్కలకూ వాడతారు, డాక్టరుకు ముందే ఫోను చేస్తే తెప్పించి ఉంచే వీలుంటుంది. సంచార పశువైద్య వాహనం నంబరు 1962.

వీధికుక్కకు ఒక చోటు

మన ఊళ్లలో సగం కుక్కలు ఒక ఇంటివి కావు, వీధివి. రెండొందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము పడుకోబెట్టి, ఒక మూత కోసి, దొర్లకుండా రెండు పక్కలా ఇటుకలు పెట్టి, నేల నుంచి ఆరంగుళాలు ఎత్తండి. పురుగుమందో రసాయనమో పోసిన డ్రమ్ము వద్దు. కోసిన అంచుకు పాత సైకిలు ట్యూబు చీల్చి తొడగండి. అడుగున రూపాయి నాణెమంత కంత రెండు చోట్ల వేస్తే లోపలికి పడిన నీళ్లు దిగిపోతాయి. నోరు వీధి వైపు పెడితే జల్లు లోపలికే కొడుతుంది, గోడ వైపు తిప్పి గోడకూ నోటికీ మధ్య అడుగున్నర వదలండి. గాలి ఏ దిక్కు నుంచి తిరిగినా తడవదు. ఈ ఏర్పాటు మామూలు వానకే. తుపాను గాలికి డ్రమ్ము ఎగిరిపోతుంది, ఆ రోజుకు దాన్ని లోపల పెట్టి వసారా తలుపో, బడి వరండాయో తెరవాలి. పరిచేందుకు గోనెసంచి కంటే ఎండుగడ్డి మేలు, గోనె తడిస్తే రెండు రోజులు ఆరదు. గడ్డి తడిసిన రోజునే తీసి కొత్తది వేయండి.